ఉప్పు లేని నీలం

ఉదయం ఏడుంపావుకు మోటారు స్విచ్ వేసి గంగుబాయి రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది. ఇనుప గొట్టానికి చుట్టిన ఆరువందల మీటర్ల పల్చటి నూలుబట్ట, ఇంకా తడిగా, పైన ప్లాస్టిక్ కాగితం కప్పుకుని మెల్లగా తిరగసాగింది. గొట్టాన్నీ దానిమీది బట్టనూ కలిపి బీము అంటారు. నిమిషానికి ఆరు చుట్లు. అంతకన్నా వేగం అక్కర్లేదు. కానీ ఆగకూడదు.

"సాయంత్రం నాలుగు గంటల దాక తిరగాలె వదినె. నడుమ ఆగిందా, నీళ్ళన్ని కిందికి దిగుతయి. కింది దిక్కు నలుపు తిరుగుతది, మీది దిక్కు తెల్లబోతది," అంది.

వెంకవ్వ బీము వంక అనుమానంగా చూసింది. "పొయ్యి లేదు, ఆవిరి లేదు. సల్లటి నీళ్ళల్ల రంగెట్ల పడ్తదో నాకైతే సమజైతలేదు."

"పడ్తది. రంగుల సోడా, సిలికేట్ కలిపి, బట్టను ఒక్కసారి ముంచి, రెండు రబ్బరు రోలర్ల నడుమ పిండినం గద. ఆ తడిలనే రంగు దారాన్ని పట్టుకుంటది. మనం జర టైమియ్యాలె, అంతే."

"ఉప్పసలే వద్దా?"

"చిటికెడు కూడ వద్దు."

నాందేడ్ ఊరి అంచున, నాలా పక్కన ఉన్న ఆ రేకుల షెడ్డు గంగుబాయి అన్న భీమయ్యది. వాళ్ళ తాత నిజామాబాద్ దిక్కు నుంచి మిల్లు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మిల్లు మూతపడ్డాక తండ్రి మగ్గం పెట్టాడు, భీమయ్య అద్దకం పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయనది ఒకటే పద్ధతి. పెద్ద ఇనుప తొట్టి కింద కట్టెలు పెట్టి నీళ్ళు మరిగించడం, రంగు వేయడం, ఆ రంగు నీళ్ళను వదిలి బట్టను పట్టుకోవడానికి బస్తా ఉప్పు గుమ్మరించడం. సిక్కులు తలకు చుట్టే పగిడీల నీలానికైతే బస్తా కూడా చాలదు. బట్ట తీసుకున్నాక మిగిలిన నీలం నీళ్ళు, అందులోని ఉప్పంతా, నాలాలోకి పోయేవి.

నాలాకు అవతల శంకర్రావు అరటితోట. రెండేళ్ళుగా ఆయన చెట్ల ఆకులు అంచుల నుంచి మాడిపోతున్నాయి. నేలమీద తెల్లటి పొర పేరుకుంటోంది. బావి నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉమ్మేయాల్సిందే. మొదట బతిమాలాడు, తర్వాత తిట్టాడు, చివరికి ప్రదూషణ్ ఆఫీసులో, అంటే కాలుష్యం సంగతి చూసే సర్కారు ఆఫీసులో, అర్జీ పెట్టాడు. ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలో, వచ్చే సోమవారం తనిఖీకి వస్తామనీ, అప్పటికీ నాలాలోకి ఉప్పునీళ్ళు వదులుతూ ఉంటే షెడ్డుకు కరెంటు తీసేస్తామనీ ఉంది.

ఆ కాగితం వచ్చిన రోజు రాత్రి భోజనాల దగ్గర గంగుబాయి నోరు తెరిచింది. సోలాపూర్‌లో తువాళ్ళ షెడ్డులో పన్నెండేళ్ళు పనిచేసి, భర్త పోయాక, ఆరు నెలల క్రితం అన్న ఇంటికి వచ్చిన మనిషి. అప్పటిదాకా షెడ్డు విషయంలో ఒక్క మాటా అనలేదు. ఆ రోజు మాత్రం, "ఉప్పు లేకుంట, మంట లేకుంట అద్దొచ్చన్నా. ఆడ నేను చేసిన పనే అది," అంది. భీమయ్యకు నమ్మకం కుదరలేదు. కానీ వేరే దారీ లేదు. తమ్ముడి వరసైన ఒకాయన ద్వారా సోలాపూర్ నుంచి, బట్టను రంగులో ముంచి పిండే పాత ప్యాడింగ్ మిషన్ తెప్పించాడు. పగిడీల దుకాణం సర్దార్జీ ఇచ్చిన నీలం బట్ట మీదే మొదటి ప్రయత్నం. ఈరోజు శుక్రవారం. మధ్యలో రెండే రోజులు.

భీమయ్యకు నమ్మకం ఇంకా కుదరలేదని గంగుబాయికి తెలుసు. ఉదయం ఆమె షెడ్డులోకి వచ్చేసరికే పాత తొట్టి కడిగి, నీళ్ళు నింపి ఉంది. కింద కట్టెలు పేర్చి ఉన్నాయి. గోడకు ఆనించి ఉప్పు బస్తా. ఆమె చూసింది. ఆయన చూపు తప్పించాడు.

పదకొండింటికి వెంకవ్వ రొట్టెలు చేయడానికి ఇంట్లోకి వెళ్ళింది. రోహిణి కార్తె ఎండకు రేకులు చిటపటలాడుతున్నాయి. పడమట నల్లగా మబ్బు పట్టి గాలి లేచింది. గంగుబాయి బీము పక్కన స్టూలు మీద కూర్చుని, ప్లాస్టిక్ అంచు లోపలికి మడిచి ఉందో లేదో మళ్ళీ మళ్ళీ చూసుకుంటోంది. గాలి తగిలిందంటే అంచుల్లో రంగు మారుతుంది.

అప్పుడు నాలా వైపు నుంచి కేక వినబడింది.

"భీమయ్యా! పాణీ బంద్ కర!"

నీళ్ళు ఆపమని శంకర్రావు గొంతు. భీమయ్య అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, లేచి వెళ్ళాడు. గంగుబాయి స్టూలు మీదే ఉండిపోయి చెవులు రిక్కించింది. శంకర్రావు మరాఠీలో అరుస్తున్నాడు. ఉప్పు లేదన్నారు, మంట లేదన్నారు, మరి నాలాలో నీలం ఎక్కడి నుంచి వచ్చింది? నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నారా?

అది ఉదయం రంగు తొట్టెను కడిగిన నీళ్ళు. రెండు బకెట్లు. అందులో ఉప్పు లేదు. కానీ చూడటానికి నీలమే. వాటిని నాలాలో పోయకుండా ఉండాల్సిందని గంగుబాయికి అప్పుడు తట్టింది.

"నా నీళ్ళ దారిల మట్టి బస్తాలెవడు పెట్టిండు?" భీమయ్య గొంతు. "తియ్యి! తియ్యి అంటున్న!"

"తియ్యను."

తర్వాత ఇనుము రాయికి తగిలిన చప్పుడు. గంగుబాయి గుమ్మం వైపు చూసింది. గుమ్మం పక్కన ఎప్పుడూ ఉండే పార అక్కడ లేదు.

బీము తిరుగుతూనే ఉంది. మోటారు సన్నగా మూలుగుతోంది. ఒక్క నిమిషం, అనుకుని పరుగెత్తింది.

నాలా గట్టుమీద భీమయ్య పార ఎత్తి నిలబడ్డాడు. మట్టి బస్తాల మీద అడ్డంగా శంకర్రావు. అరవై ఏళ్ళ బక్క మనిషి. తలపాగా ఊడి మెడలో పడింది. వెనక్కి తగ్గడంలేదు. "కొట్టు," అంటున్నాడు. "కొట్టు, చూస్తా. చెట్లను చంపినవు, నన్నూ చంపు."

గంగుబాయి వెనక నుంచి అన్న మోచేయి పట్టుకుంది. ఆయన విదిలించాడు. మళ్ళీ పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే వీధి చివర పిండి గిర్ని ఆగిపోయింది. పొద్దున లేస్తే రాత్రి దాకా చెవుల్లో ఉండే చప్పుడు, ఒక్కసారిగా లేకుండా పోయింది. గాలికి ఎక్కడో తీగలు తగులుకుని ఉంటాయి. కరెంటు పోయింది. అంటే మోటారు ఆగింది. బీము ఆగింది.

అదంతా ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది. చేతిలో అన్న మోచేయి బిగిసి ఉంది. వదిలితే పార దిగుతుంది. వదలకపోతే అక్కడ నీళ్ళు కిందికి దిగుతాయి. ఆమె వదల్లేదు.

"అన్నా, నా దిక్కు చూడు. అన్నా!"

"వదులు గంగూ."

"వదల. ముందు అది కింద పెట్టు."

ఎంతసేపు అలా పెనుగులాడారో. శంకర్రావు మాటకు మాట విసురుతూనే ఉన్నాడు. చివరికి ఆమే మరాఠీలో అతన్ని అన్నా అని పిలిచి బతిమాలింది. "భావూ, అది తొట్టె కడిగిన నీళ్ళు. తప్పు నాది, నేనే పోయించిన. నమ్మకపోతే లోపలికి వచ్చి చూడు. సాయంత్రం దాకా కూర్చో. ఉప్పు పోస్తే నీ కళ్ళతోనే చూడు." ఆ మాటకు శంకర్రావు నోరు ఆగింది. భీమయ్య పారను గట్టుకేసి కొట్టి వదిలేశాడు.

ఆమె వెనక్కి పరుగెత్తింది.

బీము ఆగి ఉంది. కింద, ప్లాస్టిక్ మడత దగ్గర నుంచి నీలం చుక్కలు ఒకదాని వెంట ఒకటి నేలమీద పడుతున్నాయి. గంగుబాయి మోటారు బెల్టు ఊడబీకి, గొట్టం చివర ఉన్న పిడి పట్టుకుని బలమంతా పెట్టి తిప్పింది. బీము కదిలింది. ఒకవైపు బరువెక్కి ఉన్నట్టు పిడి ఒక సగంలో గుంజింది, ఒక సగంలో జారింది. ఆ బరువు తేడా చేతికి తెలియగానే నీళ్ళు దిగిపోయాయని ఆమెకు అర్థమైంది.

భీమయ్య వచ్చాడు, వెనకే శంకర్రావు. "లైట్ పోయిందా? ఎంతసేపైంది ఆగి?"

"ఇప్పుడే," అంది గంగుబాయి. "రెండు నిమిషాలు."

ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

వెంకవ్వ రొట్టెల చేతులతోనే వచ్చింది. బయట వాన మొదలైంది. నాలుగు చినుకులు, ఆపైన గాలే గాలి. కరెంటు ఆఫీసుకు ఫోన్ చేస్తే స్తంభం ఒరిగింది, టైమ్ చెప్పలేం అన్నారు. ఇద్దరు ఆడవాళ్ళూ వంతులు వేసుకుని తిప్పసాగారు. శంకర్రావు గుమ్మంలో మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. వచ్చిందే కాపలాకి కాబట్టి కళ్ళు తొట్టి మీదా బస్తా మీదా పెట్టాడు. భీమయ్య ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతున్నాడు.

పన్నెండున్నర అయింది. ఒంటిగంట అయింది. గంగుబాయి అరచేతుల్లో బొబ్బలు లేచి ఒకటి చిట్లింది. కొంగు చుట్టుకుని తిప్పింది. వెంకవ్వ చేతికి పిడి ఇచ్చి నీళ్ళు తాగడానికి పక్కకు జరిగినప్పుడు, వదినె చూపు నేలమీద ఆగింది. బీము కింద పళ్ళెమంత నీలం మరక.

"గంగూ," అంది వెంకవ్వ తిప్పుతూనే. "రెండు నిమిషాలకు గింత కారుతదా?"

గంగుబాయి చెంబు కింద పెట్టింది. అబద్ధం మళ్ళీ చెప్పవచ్చు. పొద్దున్నే కారిందనవచ్చు. ఆమె మరకను చూసింది. అన్నను చూసింది.

"పదిహేను నిమిషాలు," అంది. "ఇంకా ఎక్కువనే. ఇరవై ఉండొచ్చు."

భీమయ్య తిరగడం ఆపాడు. "ఏంది?"

"రెండు నిమిషాలు కాదన్నా. అబద్ధం చెప్పిన."

"ఎందుకు?"

"భయమైంది." ఒకసారి మొదలుపెట్టాక ఆగలేకపోయింది. "సోలాపూర్ల కూడ గిట్లనే చెప్పిన. రెండు షిఫ్టులు వరసగ చేసి బీము పక్కన కునుకు తీసిన. బెల్టు జారి నలభై నిమిషాలు ఆగింది. లేచి బెల్టేసి, ఏం కాలే అని ఊకున్న. తెల్లారి కడిగితే బట్టంత చారలు. నాకన్న ముందు షిఫ్టుల ఇందుబాయి ఉండె. ఆమె చేసిందనుకున్నరు. అదే దినం ఎల్లగొట్టిన్రు. నేను నోరు తెరువలే."

పిడి కిర్రుమంటూ తిరుగుతోంది. వెంకవ్వ ఆపలేదు. "ఆమెకు తర్వాత చెప్పినవా?"

"యాడ చెప్త వదినె? ఊరిడిసి పోయింది. ఏ ఊరికి పోయిందో కూడ తెల్వది."

"షెడ్డు మూసిన్రని చెప్పినవు నాకు," అన్నాడు భీమయ్య. ఆయన గొంతు నెమ్మదిగానే ఉంది. దాంతో గంగుబాయికి ఇంకా భయం వేసింది. "షెడ్డు మూసిన్రు, అందుకే అచ్చిన అన్నవు."

"మూయలే. ఆడ ఉండబుద్ధి కాక అచ్చిన."

"అంటే బట్ట పోయింది."

"మొత్తం పోదు. మీది చుట్లల్ల చారలు పడ్తయి. లోపల ఎంత మటుకు మంచిగున్నదో విప్పితేనే తెలుస్తది."

భీమయ్య ఇక వినలేదు. తొట్టి దగ్గరికి వెళ్ళి, కట్టెల మీద కిరోసిన్ పోసి అగ్గిపుల్ల గీశాడు. మంట భగ్గుమని లేచింది. "విప్పున్రి," అన్నాడు. "మసిలే నీళ్ళల్ల ఇంకో రంగేసి ఉప్పు పోస్త. చారలు గీరలు అన్ని కలిసిపోతయి. ఇరవై రెండేండ్ల సంది చేస్తున్న పని, నాకు నేర్పొస్తున్నవా?" కొడవలితో బస్తా మూతి కోసి కొడవలిని పక్కన పడేశాడు. తెల్లటి రాళ్ళుప్పు నేలమీద జలజల రాలింది.

గుమ్మంలో శంకర్రావు లేచి నిలబడ్డాడు. గట్టు మీద నుంచి తెచ్చి తాను గోడ పక్కన నిలబెట్టిన పారను చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి భీమయ్య చేయి ఖాళీగా ఉంది.

"నీ బట్టైతే గిట్ల చూస్తు కూసుంటవా?" భీమయ్య అతని వైపు తిరిగి మరాఠీలో అరిచాడు. "ఈ బట్ట పోతే సర్దార్ మళ్ళ నా గుమ్మం తొక్కడు. ఆఫీసోళ్ళు సోమవారం వస్తరు, నేను సోమవారానికి ముందే పోత!"

"ఉప్పు పోయ్," అన్నాడు శంకర్రావు. "పోస్తే నాలాకు అడ్డంగా నేను పడుకుంటా. నా మీద నుంచి పారించు."

భీమయ్య బస్తాను రెండు వైపులా పట్టుకుని ఎత్తాడు. వెంకవ్వ పిడి వదిలి ఆయన వైపు ఒకడుగు వేసింది. బీము ఆగబోయింది. గంగుబాయి దూకినట్టు వచ్చి పిడి అందుకుంది.

"నువ్వుండు వదినె. ఎవ్వరు పోవద్దు." తిప్పుతూనే అంది. ఊపిరి ఎగపోస్తోంది. "అన్నా. నిన్ను ఆపనీకి నేను రాను. పొద్దున ఒక్కసారి అచ్చిన. అందుకే గిది ఆగింది."

భీమయ్య బస్తాతో అలాగే నిలబడ్డాడు.

"గిర్ని బందైనప్పుడే నాకు ఎరుకైంది, లైట్ పోయిందని. బీము ఆగిందని. అప్పుడు నీ చెయ్యి నా చేతుల ఉన్నది. నీ చేతుల పార ఉన్నది. చెప్పు, ఏది ఇడవాలె నేను? బీమిడిసిన. మళ్ళ అడిగితే మళ్ళ అదే ఇడుస్త. ఇగ ఇది ఇడువ. నువ్వు పోసేదుంటే పొయ్యి, షెడ్డు నీది. గని ఈ బట్ట నా చేతులకెళ్ళి రాదు. నాలుగైనంక విప్పుత. చారలుంటే రేపు సర్దార్జీకి నేనే చెప్త, నా తప్పని."

తొట్టి కింద కట్టెలు చిటచిటమన్నాయి. నీళ్ళ మీద సన్నగా ఆవిరి లేస్తోంది. వెంకవ్వ భర్త దగ్గరికి వెళ్ళలేదు, ఆడబిడ్డ దగ్గరికీ వెళ్ళలేదు, మధ్యలో నిలబడింది. భీమయ్య మొహం చెమటతో మెరుస్తోంది. ఆయన శంకర్రావును చూశాడు. పొద్దున ఆ బక్క మనిషి నెత్తిమీదికి తాను ఎత్తిన పార, ఇప్పుడు అతని చేతిలో. నిజంగా దించేవాణ్ణా? ఆ ప్రశ్న ఆయన కళ్ళలోకి రావడం గంగుబాయి చూసింది.

బస్తా మెల్లగా కిందికి దిగింది. తర్వాత ఆయన వంగి, మండుతున్న కట్టెలను ఒక్కొక్కటే బయటికి లాగి, వాకిట్లో వానచినుకుల్లోకి విసిరాడు.

వచ్చి, పిడికి రెండో వైపు చేయి వేశాడు. "చెయ్యి తియ్యి," అన్నాడు చెల్లెలితో. "నెత్తురొస్తున్నది."

కరెంటు మూడు దాటాక వచ్చింది. గిర్ని మళ్ళీ మోగింది. ఎవరూ సంతోషించలేదు. భీమయ్య బెల్టు తగిలించాడు, మోటారు అందుకుంది. శంకర్రావు మాత్రం వెంకవ్వ తెచ్చిచ్చిన రొట్టె తీసుకున్నాడు. తినకుండా చాలాసేపు చేతిలో పట్టుకుని, చివరికి తిన్నాడు.

నాలుగుంపావుకు ప్లాస్టిక్ విప్పారు. బట్ట పై చివరను కడిగే తొట్టెలోకి వదిలి, అవతల రోలరుకు తగిలించి, భీమయ్య లాగడం మొదలుపెట్టాడు. మొదట పైచుట్లే వస్తాయి. అంటే చెడిపోయినవే ముందు వస్తాయి.

మొదటి చార నీళ్ళలోంచి లేచినప్పుడు వెంకవ్వ అబ్బా అంది. బెత్తెడు వెడల్పున ముదురు నీలం, ఈ అంచు నుంచి ఆ అంచుకు. మీటరుంపావు దూరంలో ఇంకొకటి. మళ్ళీ ఇంకొకటి. బీము చుట్టు కొలత ఎంతో చారల మధ్య దూరం అంత. భీమయ్య పెదవులు బిగించి లాగుతూనే ఉన్నాడు.

"పది," అంది గంగుబాయి. చారలను లెక్కపెడుతోంది. "పదకొండు."

ఇరవై. ఇరవై అయిదు. అవే చారలు, అంతే ముదురు. బట్ట చివరిదాకా ఇలాగే ఉంటుందేమో. ఆమె అనుభవం తప్పయి ఉండవచ్చు. తువాళ్ళు మందం, ఇది పగిడీల పల్చటి బట్ట, నీళ్ళు లోపలిదాకా దిగిపోయి ఉండవచ్చు. ముప్పయ్యో చార దగ్గర ఆమె వంగి బట్టను దగ్గరగా చూసింది.

"ఆగు," అంది వెంకవ్వ. "ఇది చూడు. ఇది సన్నగున్నది."

నిజమే. చార అంచులు కరిగినట్టున్నాయి. నలభయ్యోది వెతికితే గాని కనపడలేదు. యాభై దాటాక భీమయ్య బట్టను రెండు చేతులా పట్టి గుమ్మం వెలుతురుకు ఎత్తాడు. కళ్ళు చికిలించి చూశాడు. గోటితో గీసి చూశాడు. ఏమీ లేదు. ఒకటే నీలం, లోతుగా, ఈ అంచు నుంచి ఆ అంచుకు.

ఇంకో యాభై మీటర్లు లాగి మళ్ళీ ఎత్తి చూశాడు. అప్పుడు, "మంచిగ పట్టింది," అన్నాడు.

గంగుబాయి గోడకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయింది.

కడిగిన నీళ్ళను ఈసారి నాలాలో పోయలేదు, పీపాల్లో పట్టారు. శంకర్రావు జేబులోంచి పెన్నులాంటి చిన్న మీటరు తీశాడు. ఫిల్టరు నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూసుకునే రకం. తన బావి కోసం బజార్లో కొన్నాడట. ఇన్నాళ్ళూ నాలా నీళ్ళలో పెడితే అంకె ఎనిమిది వేలు దాటేదని, అది రాసుకున్న కాగితం కూడా ఉందని చెప్పాడు. పీపాలో ముంచి వెలుతురులోకి పెట్టి చూశాడు. పదహారు వందలు.

మళ్ళీ ముంచాడు. మళ్ళీ అంతే. వేలు తడిపి నాలుక మీద పెట్టుకోబోతే గంగుబాయి కేక వేసింది. "వద్దు భావూ! సోడా ఉన్నది, నోరు కాలుతుంది."

శంకర్రావు వేలు పంచెకు తుడుచుకున్నాడు. "సోడా నా భూమికి మంచిదా?"

అందరూ ఆమెనే చూశారు. మంచిదే అంటే ఆ పూటకు గొడవ తీరిపోతుంది.

"కాదు," అంది. "ఉప్పంత చెడ్డది కాదు, అంతే. ఆసిడ్ చుక్కలు వేసి సోడాను విరిచి, రెండు దినాలు నిలబెట్టి తేరుకున్నంక వదలాలె. దానికి నీళ్ళు నిలిపే హౌజు ఒకటి కట్టాలె. అది ఇంకా కట్టలే."

"కట్టినాక అర్జీ సంగతి చూస్తా," అన్నాడు శంకర్రావు. పారను గోడకు ఆనించి వెళ్ళిపోయాడు. మట్టి బస్తాలు మాత్రం తీయలేదు.

మర్నాడు పదింటికి సర్దార్జీ స్కూటర్ మీద వచ్చాడు. భీమయ్య నోరు తెరిచేలోపే గంగుబాయి చారలున్న బట్టను ముందు పెట్టింది. దక్కనీ హిందీలో చెప్పింది, బీము ఆగింది, ఇరవై నిమిషాలు, పైన డెబ్బై మీటర్లు పాడైంది, మిగతాది చూసుకోండి అని. ఆయన చారల బట్ట వైపు ఒకసారి చూసి పక్కకు నెట్టాడు. మంచి బట్టను ఎండలో పరచమని చెప్పి, ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. తెల్ల చేతిరుమాలు తడిపి గట్టిగా రుద్దాడు. రుమాలు తెల్లగానే ఉంది. ఇంకో చోట రుద్దాడు.

"బీమ్ పే కౌన్ థా?" అన్నాడు. బీము దగ్గర ఎవరున్నారని.

"నేనే," అంది గంగుబాయి.

ఆయన గడ్డం నిమురుకుని ఆమె కట్టుకట్టిన అరచేతుల వైపు చూశాడు. చెడిన పన్నెండు పగిడీల బట్ట తీసుకోనని, మిగతాది తీసుకుంటానని, వచ్చే వారం కేసరి రంగుకు బట్ట పంపుతానని చెప్పాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఉస్ దిన్ దో ఆద్మీ బిఠావ్," అన్నాడు. ఆ రోజు ఇద్దర్ని కూర్చోబెట్టమని.

సోమవారం ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. రెండు సీసాల్లో నీళ్ళు పట్టుకున్నారు. సగం తవ్విన హౌజు గుంతను చూసి, పూర్తి చేయడానికి మూడు నెలలు గడువు రాసిచ్చారు. అర్జీదారు ఏమంటారని అడిగితే, నీలం తగ్గలేదు, ఉప్పు తగ్గింది, అదే రాసుకోండి అన్నాడు శంకర్రావు. ఆ ఏడు ఆయన తోటలో గెలలు చిన్నవిగానే దిగాయి. భూమిలో దిగిన ఉప్పు ఒక్క వానాకాలంతో పోయేది కాదు.

కేసరి బీము ఎక్కించిన గురువారం కరెంటు ఒక్కసారి కూడా పోలేదు. అయినా భీమయ్య పొద్దున్నే స్టూలు వేసుకుని దాని పక్కన కూర్చున్నాడు. రెండో స్టూలు మీద గంగుబాయి. మధ్యాహ్నం వెంకవ్వ అన్నానికి పిలిచింది.

"నువ్వు పో," అన్నాడు చెల్లెలితో, బీము మీద నుంచి చూపు తిప్పకుండానే. "నువ్వచ్చినంక నేను పోత."